డాక్టరు గది ముందు పడిగాపులు: ఆ సమయమంతా ఎక్కడికి పోతోంది?

పదిన్నరకు రమ్మంటారు. పది నిమిషాలు ముందే వెళ్లి కూర్చుంటాం. పదకొండుంబావు అవుతుంది, పిలుపు రాదు. రిసెప్షన్‌లో అడిగితే "ఇంకో ఇద్దరయ్యాక మీరే" అంటారు. అరగంట తర్వాత అడిగినా ఆ ఇద్దరూ ఇద్దరుగానే ఉంటారు. ఈలోగా మనసులో అనుమానాలు మొదలవుతాయి. డాక్టరు ఆలస్యంగా వచ్చారా, తెలిసినవాళ్లను ముందు పంపుతున్నారా, పట్టనంత మందికి సమయం ఇచ్చేశారా?

ఈ అనుమానాలు ఒక్కోసారి నిజమే కావచ్చు. అయితే అందరూ వేళకు వచ్చి, ఎవరూ వరుస దాటకుండా, నిజాయతీగా నడిచే క్లినిక్‌లో కూడా జనం పేరుకుపోతారు. ఎందుకన్నది గణాంక శాస్త్రవేత్తలు డెబ్బై ఏళ్ల కిందటే లెక్క కట్టి చూపించారు. దాని పక్కనే ఇంకో చిక్కు ఉంది. ఫోన్ చేస్తే ఎత్తరు, రిపోర్టు వచ్చిందో లేదో చెప్పరు, ఒక ఆస్పత్రి కాగితాలు ఇంకో ఆస్పత్రికి చేరడానికి ఫ్యాక్స్ యంత్రం మీద ఆధారపడే చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. రెండింటి మీదా మనకు వచ్చే కోపం ఒకటే గానీ, వాటి మూలాలు వేరు.

మూడు రకాల ఎదురుచూపు

ఆలస్యం అనగానే మూడు వేర్వేరు సంగతులను ఒకే గాటన కట్టేస్తాం. మొదటిది, అపాయింట్‌మెంట్ దొరకడానికి పట్టే రోజులు లేదా వారాలు. రెండోది, ఆ రోజు వెళ్లాక గది బయట గడిచే నిమిషాలు. మూడోది, చూపించుకుని ఇంటికి వచ్చేశాక పరీక్ష ఫలితం కోసమో, మందుల చీటీ కోసమో, చిన్న సందేహానికి జవాబు కోసమో ఎదురుచూసే కాలం.

విడదీసి చూడకపోతే ఒకదానికి చేసిన చికిత్స ఇంకోదాన్ని ముదరబెడుతుంది. రోజుకు 20 మంది బదులు 26 మందికి సమయం ఇస్తే మొదటి ఎదురుచూపు తగ్గుతుంది, రెండోది పెరుగుతుంది. ఫోన్ చేయకండి, ఆన్‌లైన్‌లో రాయండి అంటే రిసెప్షన్ దగ్గర రద్దీ తగ్గుతుంది, డాక్టరు పొద్దుపోయేదాకా జవాబులు రాస్తూ కూర్చుంటారు. ఈ రంగంలో జరిగిన సంస్కరణలను వరుసగా చూస్తే నాకు అర్థమైనది ఇదే: వరుస మాయం కావడం అరుదు, ఎక్కువసార్లు అది చోటు మారుతుంది. ఎవరి మీదకు మారిందో చూడటమే అసలు పని.

సగటు సరిపోయినా సమయం సరిపోదు

ఒక చిన్న క్లినిక్‌ను ఊహించుకుందాం. ఒక్కో రోగికి 15 నిమిషాలు. ఉదయం 9 గంటలకు మొదలు, 11కు ముగింపు, మొత్తం ఎనిమిది మంది. అందరూ తమ సమయానికి అచ్చంగా వచ్చారు. డాక్టరు కూడా 9కే వచ్చి కూర్చున్నారు. కానీ ఏ ఇద్దరి సమస్యా ఒకేలా ఉండదు కాబట్టి వాళ్లకు పట్టిన సమయం వరుసగా 12, 20, 15, 25, 10, 8, 20, 10 నిమిషాలు. కూడితే 120. ఎనిమిదితో భాగిస్తే సరిగ్గా 15. క్లినిక్ వేసుకున్న అంచనాలో వెంట్రుకవాసి తప్పు కూడా లేదన్నమాట.

మొదటి వ్యక్తి పని 9.12కే అయిపోయింది. రెండో వ్యక్తి వచ్చేది 9.15కు, కాబట్టి ఆ మూడు నిమిషాలు డాక్టరు ఖాళీ. రెండో వ్యక్తికి 20 నిమిషాలు పట్టడంతో 9.30కు వచ్చిన మూడో వ్యక్తి 5 నిమిషాలు ఆగాల్సి వచ్చింది. నాలుగో వ్యక్తికీ 5 నిమిషాలే. ఆ నాలుగో వ్యక్తికి లోపల 25 నిమిషాలు పట్టింది, దాంతో ఐదో వ్యక్తి 15 నిమిషాలు కూర్చున్నారు. తర్వాత ముగ్గురూ 10, 3, 8 నిమిషాలు. అందరి నిరీక్షణ కలిపితే 46 నిమిషాలు. క్లినిక్ ముగిసింది 11.03కు.

కిటుకు ఆ మొదటి మూడు నిమిషాల్లో ఉంది. బయట ఎవరూ లేనప్పుడు మిగిలిన నిమిషాన్ని దాచుకుని తర్వాత వాడుకోవడం కుదరదు. ఎక్కువైన నిమిషం మాత్రం ఎక్కడికీ పోదు. ఎవరో ఒకరి పని తొందరగా తెమిలేదాకా ఒకరి నుంచి మరొకరికి బదిలీ అవుతూనే ఉంటుంది. అందుకే ఉదయం మొదటి అపాయింట్‌మెంట్ తీసుకున్నవాళ్లకు ఈ బాధ తక్కువ.

ఒక్కొక్కరికి పట్టే సమయం ఇంతగా ఎందుకు మారుతుందన్నది ఏ డాక్టరును అడిగినా చెబుతారు. దగ్గు అని వచ్చిన మనిషి మందులు రాయించుకుని, లేచి, తలుపు మీద చెయ్యి వేసి ఆగుతాడు. "అన్నట్టు డాక్టరు గారూ, ఈ మధ్య మెట్లెక్కుతుంటే గుండెల్లో ఎవరో పిండినట్టు ఉంటోంది" అంటాడు. అసలు జబ్బు అదీ. అప్పటికి అతని 15 నిమిషాలు అయిపోయాయి. ఆ మాట విని కూడా "మళ్లీ అపాయింట్‌మెంట్ తీసుకుని రండి" అనే డాక్టరు దగ్గరికి మనలో ఎవరమూ వెళ్లాలనుకోం. బయట కూర్చున్నవాళ్లకు అది ఆలస్యం, లోపలున్న మనిషికి అది ప్రాణం.

15 నిమిషాలన్నది కూడా ఎక్కడా శిలాశాసనం కాదు. 67 దేశాల సమాచారంతో 2017లో బీఎంజే ఓపెన్ పత్రికలో వచ్చిన సమీక్ష ప్రకారం, ప్రాథమిక వైద్యంలో డాక్టరు ఒక్కో రోగితో గడిపే సగటు సమయం బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో 22.5 నిమిషాలు. ప్రపంచ జనాభాలో సగం మంది ఉన్న 18 దేశాల్లో ఈ సగటు 5 నిమిషాలు, లేదా అంతకంటే తక్కువ. అక్కడ వరుస వేగంగా కదులుతుంది నిజమే. తలుపు దగ్గర ఆగి చెప్పే ఆ రెండో మాటకు మాత్రం చోటుండదు.

డాక్టరు నిమిషం, రోగి నిమిషం

ఇప్పుడు అదే క్లినిక్‌లో ఒకే ఒక్క మార్పు చేద్దాం. డాక్టరు 9 బదులు 9.20కి వచ్చారు. మిగతాదంతా పైన చెప్పినట్టే. ఎనిమిది మంది నిరీక్షణ వరుసగా 20, 17, 22, 22, 32, 27, 20, 25 నిమిషాలు అవుతుంది. మొత్తం 185. డాక్టరు ఆలస్యం 20 నిమిషాలే, రోగులు అదనంగా పోగొట్టుకున్నది 139 నిమిషాలు. ఒక్క ఆలస్యం ఇంతమంది మీద పడుతుంది కాబట్టే ఉదయం వేళకు మొదలుపెట్టడం ఏ క్లినిక్‌కైనా అన్నిటికన్నా చవకైన సంస్కరణ.

దీనికి తిరగేసిన ప్రశ్న కూడా ఉంది. రోగి రాక డాక్టరు ఖాళీగా కూర్చుంటే? 1952లో బ్రిటన్‌కు చెందిన గణాంక శాస్త్రవేత్త నార్మన్ బెయిలీ ఆస్పత్రి ఔట్‌పేషెంట్ విభాగాల వరుసలను అధ్యయనం చేసి ఒక పద్ధతి సూచించారు. ఆరంభంలో ఇద్దరిని ఒకే సమయానికి పిలవాలి, ఆ తర్వాత సగటు సమయానికి ఒకరి చొప్పున పిలవాలి. మొదటి వ్యక్తి రాకపోయినా, ఎవరి పనైనా తొందరగా అయిపోయినా గది బయట ఎప్పుడూ ఒకరు సిద్ధంగా ఉంటారు. అపాయింట్‌మెంట్ల మీద ఆ తర్వాత వచ్చిన పరిశోధనలో చాలా భాగం ఈ సూత్రంతోనే పోల్చుకుంటూ సాగింది.

మన ఎనిమిది మందికీ దీన్ని వర్తింపజేస్తే ఏమవుతుంది? ఇద్దరిని 9కి, మిగతావాళ్లను 9.15, 9.30, 9.45 ఇలా పిలిచామనుకుందాం. నిరీక్షణ వరుసగా 0, 12, 17, 17, 27, 22, 15, 20 నిమిషాలు. మొత్తం 130. డాక్టరు 11.03 బదులు 11కు లేస్తారు. అంటే డాక్టరుకు మిగిలిన మూడు నిమిషాల కోసం రోగులు అదనంగా 84 నిమిషాలు చెల్లించారు.

ఈ బేరం అన్యాయంగానే కనిపిస్తుంది. పూర్తిగా అన్యాయం కూడా కాదు. నేను అందరూ వేళకు వచ్చే ఉదయాన్ని తీసుకున్నాను. మొదటి వ్యక్తి రాకపోయిన రోజున ఈ పద్ధతి డాక్టరుకు మిగిల్చేది మూడు నిమిషాలు కాదు, పావుగంట. డాక్టరు ఖాళీగా ఉన్న ప్రతి పావుగంటా ఎక్కడో ఇంకొకరికి దొరకని అపాయింట్‌మెంట్. కాబట్టి డాక్టరు సమయాన్ని కాపాడటమంటే ఆ డాక్టరును మాత్రమే కాపాడటం కాదన్న వాదనలో బలం ఉంది. అటువైపు వాదన కూడా అంతే బలమైనది. డాక్టరు గంటకు జీతమో ఫీజో ఉంటుంది, అది క్లినిక్ పద్దులో కనిపిస్తుంది. రోగి గంటకు పోయిన కూలీ, పెట్టిన సెలవు ఏ పద్దులోకీ ఎక్కవు. పద్దులో లేని ఖర్చును తగ్గించాలన్న తొందర ఎవరికీ ఉండదు.

ఖాళీ లేకపోవడమే చిక్కు

అపాయింట్‌మెంట్ లేకుండా నేరుగా వచ్చేవాళ్లను చూసే చోట లెక్క ఇంకా కటువుగా ఉంటుంది. ఈ గణితానికి పునాది వేసింది డాక్టర్లు కాదు, టెలిఫోన్ ఇంజినీర్లు. కోపెన్‌హేగన్ టెలిఫోన్ సంస్థలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లో కాల్స్ ఎలా వచ్చిపడతాయన్న దానిపై తన తొలి వ్యాసం ప్రచురించారు. డాక్టరు గది ముందు వరుసకూ, ఉదయం ఎనిమిదింటికి మోగుతూనే ఉండే క్లినిక్ ఫోనుకూ వర్తించేది అదే శాస్త్రం.

దాని సారాంశం ఇది. రోగులు ఏ వరుసా లేకుండా ఎప్పుడు పడితే అప్పుడు వస్తారనీ, చూసే సమయం సగటున 15 నిమిషాలైనా విపరీతంగా మారుతుంటుందనీ అనుకుందాం. డాక్టరు తన సమయంలో సగం మాత్రమే పనిలో ఉంటే సగటు నిరీక్షణ 15 నిమిషాలు. 80 శాతం పనిలో ఉంటే 60 నిమిషాలు. 90 శాతమైతే 135. 95 శాతమైతే 285 నిమిషాలు, అంటే ఐదు గంటలకు కాస్త తక్కువ. అందరికీ అచ్చంగా 15 నిమిషాలే పడితే ఇవన్నీ సగమవుతాయి. నిజ జీవితం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. ఇవి వరుస ఎంతసేపటికైనా పెరగగల సందర్భానికి వేసిన లెక్కలు. మూడు గంటల్లో తలుపు వేసే క్లినిక్‌లో అంకెలు కొంత తగ్గుతాయి, పోకడ మారదు.

పని 90 నుంచి 95 శాతానికి పెరిగినప్పుడు నిరీక్షణ రెట్టింపు కన్నా ఎక్కువవడాన్ని గమనించండి. పొదుపు పేరుతో ఆ చివరి ఖాళీని కూడా నింపేసే నిర్వాహకులు నిజంగా పొదుపు చేస్తున్నది ఏమీ లేదు, ఆ భారాన్ని కుర్చీల్లో కూర్చున్నవాళ్ల మీదకు నెడుతున్నారు. అదే సమయంలో, సగం రోజు ఖాళీగా ఉండే డాక్టర్లను పోషించగల వ్యవస్థలు కూడా లోకంలో పెద్దగా లేవు.

వస్తామని రానివాళ్లు

పట్టనంత మందికి సమయం ఇస్తారన్న ఫిర్యాదు వెనక చాలాసార్లు ఇదే కారణం. ఐదుగురిలో ఒకరు రారని క్లినిక్‌కు అనుభవం చెప్పిందనుకుందాం. 20 మందిని చూడగల రోజున 20 మందికే సమయం ఇస్తే వచ్చేది 16 మంది. అందుకని 25 మందికి ఇస్తారు, సగటున 20 మంది వస్తారు. లెక్క బాగానే ఉంది. అయితే సగటు రోజు రోజూ రాదు. ఎవరికి వారు విడిగా నిర్ణయించుకుంటారనుకుంటే, దాదాపు ప్రతి నాలుగు రోజుల్లో ఒక రోజు 22 మంది లేదా అంతకు మించి వచ్చేస్తారు. ఆ రోజు ఆఖర్న ఉన్నవాళ్లకు అరగంటకు పైగా అదనపు నిరీక్షణ తప్పదు.

వేళకు వచ్చినవాళ్లు రానివాళ్ల తప్పుకు మూల్యం చెల్లిస్తున్నారన్నమాట. ముందు రోజు ఫోనుకు గుర్తుచేసే సందేశం పంపితే గైర్హాజరు తగ్గుతుందని అనేక దేశాల అధ్యయనాలు చూపించాయి. రావడం కుదరదని చెప్పాలనుకున్నవాళ్ల ఫోన్ ఎత్తేవాళ్లుంటే ఇంకొంత తగ్గుతుంది. ఇరవై నిమిషాలు లైన్‌లో ఉంచి, ఆపైన "రాకపోతే ముందే చెప్పాలి కదా" అని రోగిని తప్పుపట్టే క్లినిక్‌లకు ఈ సంగతి ఎందుకు తట్టదో!

మూడు వారాల వింత

అపాయింట్‌మెంట్ మూడు వారాల తర్వాత గానీ లేదంటే డాక్టర్లు చాలరనే అర్థం చేసుకుంటాం. కొన్నిసార్లు అది నిజం. కానీ ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. ఈ ఏడాది మూడు వారాలు, కిందటేడూ మూడు వారాలు, అంతకుముందూ మూడు వారాలే అయితే, ఆ క్లినిక్ రోజూ వచ్చే గిరాకీని రోజూ తీరుస్తోందన్నమాటే. తీర్చలేకపోతే నిరీక్షణ నాలుగు వారాలకో, ఆరు వారాలకో పెరుగుతూ పోవాలి. పెరగడం లేదంటే, ఎప్పుడో పేరుకున్న పాత బకాయి ఒకటి ముందుకు జరుగుతూ వస్తోందని అర్థం.

అంకెల్లో చూద్దాం. రోజుకు 20 మంది అడుగుతారు, 20 మందిని చూస్తారు, నిరీక్షణ 15 పనిదినాలు. బకాయి 300 మంది. రోజుకు ముగ్గురిని అదనంగా చూస్తే 100 పనిదినాల్లో ఆ బకాయి తీరిపోతుంది. ఆ తర్వాత మళ్లీ రోజుకు 20 మందినే చూస్తూ, అడిగినవాళ్లకు అదే రోజో మర్నాడో సమయం ఇవ్వవచ్చు. డాక్టర్ల సంఖ్య మారలేదు, మూడు వారాలు పోయాయి.

అమెరికాలో మార్క్ మర్రే అనే డాక్టరు, క్యాథరిన్ టాంటౌ అనే నర్సు 1990లలో ఈ ఆలోచనను ఆచరణలో పెట్టి ప్రచారంలోకి తెచ్చారు. నేటి పని నేడే ముగించాలన్నది దాని సూత్రం. ఎన్నో క్లినిక్‌లు దీనితో బాగుపడ్డాయి, కొన్ని చతికిలపడ్డాయి. గిరాకీ నిజంగానే సామర్థ్యాన్ని మించి ఉన్నచోట ఈ పద్ధతి పనిచేయదు, తీర్చిన బకాయి మళ్లీ పేరుకుంటుంది. పైగా గిరాకీ, సామర్థ్యం అచ్చంగా సమానమైతే, రద్దీ హెచ్చుతగ్గుల వల్ల వరుస మళ్లీ మెల్లగా పెరుగుతుంది. కొంచెం ఖాళీ ఉంచుకోక తప్పదు.

ఆలోచన మంచిదైనా లక్ష్యంగా మార్చేసరికి ఎలా వికటిస్తుందో బ్రిటన్ చూసింది. 48 గంటల్లో కుటుంబ వైద్యుడి అపాయింట్‌మెంట్ దొరకాలని ప్రభుత్వం లక్ష్యం పెట్టింది. కొన్ని క్లినిక్‌లు దాన్ని తేలిగ్గా అందుకున్నాయి: రెండు రోజులకు మించి ముందుగా అపాయింట్‌మెంట్ ఇవ్వడమే మానేశాయి! వచ్చే వారానికి కావాలన్నా కుదరదు, ఆ రోజు ఉదయం ఫోన్ చేయాల్సిందే. 2005 ఎన్నికల సమయంలో ఒక టీవీ చర్చలో ప్రేక్షకులు ఈ సంగతి చెబితే ప్రధాని టోనీ బ్లెయిర్ అవాక్కయ్యారు. కాగితం మీద వారాల నిరీక్షణ తగ్గింది. అది ఉదయం ఎనిమిది గంటల టెలిఫోన్ వరుసగా మారింది.

ఫ్యాక్స్ ఎందుకు పోదు

ఇక సమాచారం సంగతి. చిత్రాన్ని తీగ మీద పంపే యంత్రానికి అలెగ్జాండర్ బెయిన్ పేటెంట్ పొందింది 1843లో. ఆ సంతతికి చెందిన యంత్రం ఇప్పటికీ వైద్యంలో బతికే ఉంది. బ్రిటన్ ఆరోగ్య మంత్రి 2018 డిసెంబరులో ప్రభుత్వ ఆస్పత్రులు కొత్త ఫ్యాక్స్ యంత్రాలు కొనకూడదనీ, 2020 మార్చి 31 నాటికి పాతవీ పోవాలనీ ప్రకటించారు. గడువు దాటాక కూడా అక్కడక్కడా మిగిలాయి.

ఇది డాక్టర్ల మొండితనం అనుకుంటే పొరపాటు. ఫ్యాక్స్‌కు ఒక గొప్ప గుణం ఉంది: అవతలివాళ్ల దగ్గర ఏ కంపెనీ యంత్రం ఉన్నా పనిచేస్తుంది. కంప్యూటర్ రికార్డుల విషయంలో అలా జరగలేదు. అమెరికాలో 2009 చట్టం కింద ప్రభుత్వం వేల కోట్ల డాలర్ల ప్రోత్సాహకాలు ఇచ్చింది. 2008లో పదింట ఒక వంతు ఆస్పత్రులకు కూడా లేని ఎలక్ట్రానిక్ రికార్డులు 2015 నాటికి ఐదింట నాలుగు వంతులకు పైగా ఆస్పత్రులకు చేరాయి. కానీ ఒక కంపెనీ కంప్యూటర్ రాసింది ఇంకో కంపెనీ కంప్యూటర్ చదవలేదు. ఫలితంగా కంప్యూటర్‌లో ఉన్న రిపోర్టును కాగితం మీద ముద్రించి, ఫ్యాక్స్ చేసి, అవతల మళ్లీ స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించే వింత పుట్టింది. ఈ కంప్యూటర్లన్నిటికీ ఒకే భాష నేర్పే ప్రయత్నంగా ఆస్ట్రేలియా సాఫ్ట్‌వేర్ నిపుణుడు గ్రాహమ్ గ్రీవ్ 2011లో ప్రతిపాదించిన ఫైర్ (FHIR) అనే ప్రమాణం ఇప్పుడు అనేక దేశాల్లో వాడుకలోకి వస్తోంది.

చట్టం ఒప్పుకోదన్న మాట కూడా తరచు వినిపిస్తుంది. అమెరికా 1996 నాటి వైద్య గోప్యత చట్టాన్నే తీసుకుంటే, అది ఈమెయిల్‌ను నిషేధించలేదు. తగిన జాగ్రత్తలు తీసుకోమంది. మామూలు ఈమెయిల్‌లో ఉండే ప్రమాదం తెలిసి కూడా అందులోనే పంపమని రోగి కోరితే పంపవచ్చు. అయితే అర్థం చేసుకోవలసిన భయం ఒకటుంది. ఫ్యాక్స్ తప్పు నంబరుకు వెళ్తే ఒక్క కాగితం బయటపడుతుంది. కంప్యూటర్ వ్యవస్థలోకి దొంగలు చొరబడితే లక్షల రికార్డులు బయటపడతాయి. ఆ భయాన్ని కొట్టిపారేయలేం. కానీ రోగి ఫోన్‌కు "డాక్టరు గారు 40 నిమిషాలు ఆలస్యం" అని ఒక సందేశం పంపడానికి ఏ రహస్యమూ బయటపెట్టనక్కర్లేదు.

ఇంటికి వచ్చాక

ఏమీ చెప్పలేదంటే అంతా బాగున్నట్టే అనుకోవడం చాలా చోట్ల అలవాటు. అది ప్రమాదకరమైన అలవాటు. అమెరికాలో 5,000కు పైగా రోగుల రికార్డులను పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, తేడాగా వచ్చిన ఫలితాల్లో సుమారు 7 శాతం, అంటే దాదాపు 14కు ఒకటి, రోగికి చెప్పలేదు లేదా చెప్పినట్టు ఎక్కడా నమోదు కాలేదు. ఇందులో ఆశ్చర్యకరమైనది ఇంకొకటి. ఎక్కువ పొరపాట్లు జరిగింది పూర్తిగా కాగితం మీద నడిచే చోట కాదు, సగం కాగితం సగం కంప్యూటర్‌గా నడిచే చోట.

2021 ఏప్రిల్ 5 నుంచి అమెరికాలో ఎలక్ట్రానిక్ రికార్డులోకి వచ్చిన ఫలితాన్ని రోగికి అడ్డుపెట్టకుండా చూపించాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. క్యాన్సర్ అన్న మాటను మనిషి ఒంటరిగా ఫోన్ తెరమీద చదవాల్సి రావడం క్రూరం కాదా అని చాలామంది డాక్టర్లు అభ్యంతరం చెప్పారు. సహేతుకమైన అభ్యంతరమే. ఆ తర్వాత 8,000కు పైగా రోగులను, వారి సంరక్షకులను అడిగితే దాదాపు 96 శాతం మంది డాక్టరు చూడకముందైనా సరే, వెంటనే చూపించమనే అన్నారు. కొందరిలో మాత్రం చూశాక ఆందోళన పెరిగింది. ఇలా అడిగినప్పుడు జవాబిచ్చినవాళ్లు ఆన్‌లైన్‌లో ఫలితాలు చూసుకునే అలవాటున్నవాళ్లు అన్నది గుర్తుంచుకోవాలి.

డాక్టరు వైపు నుంచి చూస్తే ఈ సందేశాలన్నీ జీతం లేని పని. 2016లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం, డాక్టరు రోగితో నేరుగా గడిపే ప్రతి గంటకూ దాదాపు రెండు గంటలు కంప్యూటర్ మీద, కాగితాల మీద పోతున్నాయని లెక్క తేల్చింది. వైద్య సలహా అవసరమైన కొన్ని సందేశాలకు రుసుము వసూలు చేస్తామని క్లీవ్‌లాండ్ క్లినిక్ 2022లో ప్రకటించినప్పుడు రోగులు మండిపడ్డారు. డబ్బు తీసుకుంటే పేదలు అడగడం మానేస్తారు. తీసుకోకపోతే జవాబు రాసే సమయం ఎవరి ఖాతాలోదో తేలదు. ఈ పీటముడి ఇంకా విడలేదు.

చెప్పకపోవడం

వ్యాపార నిర్వహణ రంగంలో డేవిడ్ మైస్టర్ 1985లో రాసిన వ్యాసం నిరీక్షణ మనసుకు ఎలా అనిపిస్తుందో వివరించింది. ఎంతసేపో తెలియని ఎదురుచూపు తెలిసిన దానికన్నా పొడవుగా తోస్తుంది. కారణం చెప్పని ఎదురుచూపు, చెప్పిన దానికన్నా పొడవు. ఆందోళన ఉంటే ఇంకా పొడవు. డాక్టరు గది బయట ఈ మూడూ ఒకేసారి ఉంటాయి. రోగుల సంతృప్తిపై 2007లో వచ్చిన ఒక పెద్ద సర్వే ఇంకో మాట చెప్పింది: ఎంతసేపు ఆగామన్న దానికన్నా డాక్టరు మనతో ఎంతసేపు గడిపారన్నదే ఎక్కువగా ప్రభావం చూపుతుంది. గంటసేపు కూర్చోబెట్టి రెండు నిమిషాల్లో పంపేసిన చోటే కోపం తారస్థాయిలో ఉంటుంది.

గడియారం ఎప్పుడు మొదలవుతుంది

ఆస్పత్రి ప్రకటించే నిరీక్షణ అంకెలకూ మన అనుభవానికీ ఎందుకు పొంతన ఉండదో చివరగా చూద్దాం. పదిన్నర అపాయింట్‌మెంట్‌కు 10.20కే వచ్చిన వ్యక్తిని 10.40కి లోపలికి పిలిచారు. నర్సు రక్తపోటు చూసి, చిన్న గదిలో కూర్చోబెట్టింది. డాక్టరు 11.05కు వచ్చారు. అపాయింట్‌మెంట్ నుంచి పిలుపు దాకా కొలిచే క్లినిక్ పుస్తకంలో నిరీక్షణ 10 నిమిషాలు. రోగి లెక్కలో 45. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

వారాల నిరీక్షణలోనూ ఇంతే. నిపుణుడికి చూపించమని డాక్టరు 1వ తేదీన ఉత్తరం రాశారు. ఫ్యాక్స్‌లో ఒక పేజీ రాలేదని మళ్లీ అడిగారు, పూర్తిగా అందింది 9న. అపాయింట్‌మెంట్ 30న. అందిన రోజు నుంచి లెక్కపెట్టే ఆస్పత్రికి అది 21 రోజులు, రోగికి 29. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్యానికి పెట్టుకున్న 18 వారాల గడువు లెక్క కూడా ఉత్తరం ఆస్పత్రికి అందిన రోజు నుంచే మొదలవుతుంది. అక్కడ 2018 అక్టోబరు 1 నుంచి, కుటుంబ వైద్యులు నిపుణుల దగ్గరికి పంపే కేసులు ఎలక్ట్రానిక్ పద్ధతిలో రాకపోతే ఆ తొలి అపాయింట్‌మెంట్‌కు ఆస్పత్రికి డబ్బు చెల్లించబోమని నియమం పెట్టారు. అలా వెళ్లే ఉత్తరం దాదాపు వెంటనే చేరుతుంది. మధ్యలో ఎవరి లెక్కలోకీ రాకుండా జారిపోయే ఆ ఎనిమిది రోజుల్లాంటివాటికి అక్కడ తావు తక్కువ.